గుమ్మడికాయ కొట్టిన తరువాత

రఘునందన్ కారు తాళాలను బల్ల మీద విసిరిన తీరుకే వంటింట్లో ఉన్న శేషారత్నానికి సంగతి అర్థమైపోయింది. మంచి కబురుతో ఇంటికొచ్చిన రోజున తమ్ముడు ఆ తాళాలను తలుపు పక్క కొక్కేనికి తగిలిస్తాడు.

వెనకాలే అతని భార్య కౌసల్య వచ్చింది. ఎడమ చేతిని పొట్టకు ఆనించుకుని, మీద చున్నీ కప్పుకుని, గుమ్మం దగ్గరే ఆగి చెప్పులు విడిచింది. ఆపరేషన్‌లో ఎడమ రొమ్ము తీసేసినప్పటి నుంచీ ఆ చేతిని ఆమె అలాగే మోస్తోంది, ఎవరో కాసేపు చూడమని అప్పగించిన పసిపిల్లను ఎత్తుకున్నట్టు.

"స్కాన్ తీయలేదు," అన్నాడు రఘునందన్ ఎవరి మొహమూ చూడకుండా. "చెయ్యి లేవడం లేదట. లేచేదాకా తీయరట."

అసలు జరిగింది గీతిక చెప్పింది. ఆ రోజుకు కాలేజీ మానేసి తల్లి వెంట ఆసుపత్రికి వెళ్ళింది ఆ పిల్ల. రేడియేషన్ ఇవ్వాలంటే మనిషిని పడుకోబెట్టి చేతులు తల పైకి పెట్టించాలి. అలా పెట్టించి ముందొక స్కాన్ తీసి, ఎక్కడెక్కడ ఇవ్వాలో గుర్తులు వేసుకుంటారు. కౌసల్య చేయి భుజం ఎత్తుకు కూడా రాలేదు. అక్కడి అమ్మాయి ఎంతో నెమ్మదిగా ప్రయత్నించింది. కౌసల్య పంటి బిగువున ఓర్చుకుంది గానీ కళ్ళు మాత్రం ఆగలేదు. డాక్టరమ్మ చూసి, కుట్లు బాగానే మానాయని, భుజమే బిగుసుకుపోయిందని చెప్పి, సోమవారం మళ్ళీ రమ్మంది. అప్పటికీ లేవకపోతే చికిత్స వెనక్కి జరుగుతుందని, అలా జరగడం తనకు ఇష్టం లేదని కూడా చెప్పింది.

"చెయ్యి కదలకుండా కట్టి ఉంచమని ఎవరు చెప్పారని అడిగారత్తా," అంది గీతిక చివర్న, గొంతు తగ్గించి.

తగ్గించినా లాభం లేకపోయింది. ఆ ప్రశ్నను రఘునందన్ కారులో దారి పొడవునా నములుతూనే వచ్చాడు.

"నువ్వే కట్టావక్కా," అన్నాడు. "గ్లాసు ముట్టనివ్వలేదు. దువ్వెన పట్టనివ్వలేదు. అన్నం కూడా కలిపి పెట్టావు. ఆ చెయ్యి కాస్తా కొయ్యబారిపోయింది."

శేషారత్నం గరిటె పక్కన పెట్టి స్టవ్వు ఆపింది. తమ్ముడి పెళ్ళానికి ఆపరేషన్ అనగానే తెనాలిలో ఇంటికి తాళం వేసి రెండు సూట్‌కేసులతో దిగిన మనిషి. కౌసల్య చేయి ఎక్కడ కదిలి కుట్లు ఎక్కడ విడిపోతాయో అని, తన పాత వాయిల్ చీర చింపి, మెత్తగా మడతపెట్టి, ఆ చేతిని పొట్టకు కట్టింది ఆవిడే. పగలూ రాత్రీ ఆ కట్టు వదులైందేమో చూసుకుంటూ గడిపింది. ఇప్పుడు చేతులు కడుక్కుని తన గదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపలి నుంచి సూట్‌కేసు జిప్పు తీసిన చప్పుడు వినిపించింది.

ముగ్గురూ ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు.

"కట్టు కట్టింది వదినే," అంది కౌసల్య, సోఫాలో మెల్లిగా కూర్చుంటూ. "మరి గుమ్మడికాయ ఎవరు కొట్టారండీ?"

రఘునందన్ గోడ గడియారం వైపు చూశాడు.

సినిమా వాళ్ళకు మొదలుపెట్టిన రోజున కొబ్బరికాయ, ముగించిన రోజున గుమ్మడికాయ. పాతికేళ్ళుగా ప్రొడక్షన్ మేనేజర్‌గా ఉన్న రఘునందన్ ఎన్ని సినిమాలకు గుమ్మడికాయ కొట్టాడో ఆయనకే లెక్క తెలియదు. కాయ పగిలిందంటే లైట్లు దింపేస్తారు, కుర్చీలు మడిచేస్తారు, ఎవరి దారి వాళ్ళది. ఆపరేషన్ తరువాతి పరీక్షల ఫలితం వచ్చిన రోజున డాక్టరమ్మ "కీమో అక్కర్లేదు" అన్న మాట చెవిన పడగానే ఈయన ఫోను పట్టుకుని వరండాలోకి పరిగెత్తాడు. ఆవిడ ఆ తరువాత "కానీ" అన్నది. ఆ కానీని కౌసల్య ఒక్కతే కూర్చుని వింది.

ఆ సాయంత్రం ఫిలింనగర్‌లో తమ అపార్ట్‌మెంట్ గేటు ముందు కౌసల్యను నిలబెట్టి, ఇంత బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, ఆమె చుట్టూ తిప్పి రోడ్డు మీద ఫెళ్ళున పగలగొట్టాడు. వాచ్‌మన్ చప్పట్లు కొట్టాడు. మూడో అంతస్తు వాళ్ళు ఫోటో తీశారు. ఆ ఫోటో రాత్రికల్లా సగం ఇండస్ట్రీ ఫోన్లలో తిరిగింది. గుమ్మడికాయ కొట్టిన ఇంట్లో ఇంకేం మిగిలి ఉంటుంది? ఆసుపత్రి నుంచి ఫిజియోథెరపీ అమ్మాయి ఫోను చేస్తే, మేం బాగున్నామండీ, అవసరమైతే మేమే చేస్తామని మర్యాదగా పెట్టేశాడు. కౌసల్య రేడియేషన్ మాట ఎత్తినప్పుడల్లా "అదెంత, చిన్న ప్యాచ్ వర్క్" అనేవాడు. షూటింగ్ అయిపోయాక మిగిలిన చిల్లర షాట్లు తీసుకోవడాన్ని వాళ్ళు అలాగే అంటారు. ఆ మాటతో ఆమె నోరు మూతపడేది.

"నేను మంచికే కదా..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు రఘునందన్.

"వదిన కూడా మంచికే కట్టింది," అంది కౌసల్య. "నాకూ అది హాయిగానే ఉంది, అబద్ధం ఎందుకు? చెయ్యి కట్టేసి పైన చున్నీ కప్పుకుంటే ఆ పక్కకు చూసుకోనక్కర్లేదు. మీరూ చూడనక్కర్లేదు."

ఆ చివరి మాట ఆమె అనాలని అనలేదు. వచ్చేసింది. ఇంటికి వచ్చిన నాటి నుంచీ రఘునందన్ ఆమెతో మాట్లాడేటప్పుడు గోడ గడియారం వైపో, కిటికీ వైపో చూస్తున్నాడు. అది ఇద్దరికీ తెలుసు. ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు. గీతిక మంచినీళ్ళు తెచ్చి తల్లి కుడి చేతికి ఇచ్చింది. కౌసల్య గ్లాసును ఎడమ చేతిలోకి మార్చుకుని, తల వంచి తాగింది.

*

శేషారత్నం గదిలో మంచం నిండా చీరలు పరిచి ఉన్నాయి. ఆవిడ కౌసల్యను చూసి కళ్ళు తుడుచుకోలేదు. దాచుకునే మనిషి కాదు.

"రేపు పొద్దున బస్సుకి వెళ్తానమ్మాయ్. నాకు తెలియక చేశాను. మొదటిరోజు నీ కుట్లు చూసినప్పుడు నా ప్రాణం పోయింది. ఏదో ఒకటి గట్టిగా కట్టి పట్టుకోవాలనిపించింది. అంతే."

కౌసల్య లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. అత్తగారు లేని ఇంట్లో తనకు పురుడు పోసింది, ఈ నెలంతా తన తల దువ్వి జడ వేసింది ఈవిడే. ఆ జడల సంగతి చెప్పకపోవడమే మంచిది. ఇరవై రెండేళ్ళుగా హెయిర్‌డ్రెస్సర్‌గా హీరోయిన్లకు తల దువ్వి పాపిడి తీసిన కౌసల్య, పూటకో వంకర పాపిడితో, అద్దం వైపు చూడకుండా నెలంతా నోరు మూసుకుని కూర్చుంది. ఇప్పుడు వదిన సొంత తల చూస్తే ఇంకా ఘోరంగా ఉంది. ఒత్తైన జుట్టు, సగం నెరిసి, ఏదో చుట్టి రబ్బరు బ్యాండు వేసి వదిలేశారు.

"వదినా, కింద కూర్చోండి."

"ఎందుకు?"

"మీ తల చూడలేకపోతున్నాను."

ఆవిడ నమ్మలేనట్టు చూసి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. కౌసల్య మంచం మీద కూర్చుని దువ్వెన కుడి చేతిలోకి తీసుకుంది. ఈ పనిలో అందరూ దువ్వెన పట్టిన చేతినే చూస్తారు గానీ, జుట్టును పాయలుగా పట్టి నిలిపేది ఎడమ చేయి. అది నిలపకపోతే కుడి చేయి ఏమీ చేయలేదు. ఎడమ చేయి కిందికి వెళ్ళింది, వేళ్ళు జుట్టులోకి దూరాయి, ఎవరూ చెప్పకుండానే పాయ విడదీశాయి. నెల రోజుల తరువాత తన చేయి తనకు దొరికినట్టనిపించింది కౌసల్యకు.

కింది నుంచి పైకి దువ్వుకుంటూ వచ్చింది. నడినెత్తి దగ్గరకు వచ్చేసరికి మోచేయి లేవాల్సి వచ్చింది. చంక కింద ఎవరో తాడు పట్టి లాగినట్టయింది. ఆగింది. చేయి దించేయలేదు. అక్కడే ఉంచి ఊపిరి తీసుకుంది. లాగడం కాస్త సర్దుకుంది. అప్పుడు ఇంకో వేలెడు పైకి పోనిచ్చింది.

ఇందాక డాక్టరమ్మ గది బయట ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది గుర్తొచ్చింది. విసురుగా లేపొద్దు, నొప్పి మొదలైన చోట ఆపి నిలపండి, తల దువ్వుకోవడం లాంటివి రోజూ చేయండి అంది. తన తల దువ్వుకోవడం కౌసల్యకు ఎప్పుడూ చేతకాలేదు. ఇతరుల తలలంటే వేరు.

"వదినా, ఆ పీట వేసుకుని కాస్త ఎత్తుగా కూర్చోండి."

శేషారత్నానికి అనుమానం వచ్చింది. "కుట్లు లాగుతున్నాయా?"

"కుట్లు మానాయి. డాక్టరమ్మ చూసి చెప్పింది కదా."

"నొప్పి వస్తే ఆపుతావా?"

"ఆపుతాను. దించను."

 ఆవిడ లేచి పీట తెచ్చుకుని, దాని మీద కూర్చుని, మెడ నిటారుగా పెట్టింది. ఆ తరువాత బస్సు మాట మళ్ళీ రాలేదు.

*

ఆ వారం ఆ ఇంట్లో తలలకు తీరిక లేకపోయింది.

పొద్దున ఫిజియోథెరపీ అమ్మాయికి కౌసల్యే ఫోను చేసి తన పద్ధతి చెప్పింది. ఆ అమ్మాయి నవ్వి, బాగుంది, గోడ మీద వేళ్ళతో పాకించడం కూడా కలపండి, పోటుగా అనిపిస్తే మాత్రం వెంటనే చెప్పండని అంది. రెండూ చేసింది. గోడ దగ్గర విసుగొచ్చేది. తల దగ్గర రాలేదు. పీట మీది శేషారత్నం భోజనాల బల్ల కుర్చీలోకి మారింది. కుర్చీ మీద దిండు చేరింది. ప్రతి మార్పుకూ మొదట చంకలో తాడు లాగేది, తరువాత సర్దుకునేది. కొన్ని పూటలు చేయి అసలు లేవలేదు. అలాంటప్పుడు కౌసల్య దువ్వెన విసిరికొట్టి మంచమెక్కేది, శేషారత్నం సగం జడతోనే వంటకు వెళ్ళేది. పూటకో చీర సూట్‌కేసులోంచి బయటికి వచ్చి అల్మారాలో చేరింది.

రఘునందన్ మాత్రం అక్కతో మాట్లాడలేదు. తెల్లారకముందే షూటింగుకు వెళ్ళి, వచ్చాక అన్నం తిని పడుకునేవాడు. హాల్లో ఈ తలల తతంగం చూసి కూడా చూడనట్టు పక్క నుంచి వెళ్ళిపోయేవాడు.

గురువారం గీతిక వంతు. కూర్చున్న తలలు అయిపోయాయి, ఇక నిలబడాలి. అద్దం ముందు గీతిక నిలబడింది, వెనక కౌసల్య నిలబడింది. పాయ పట్టుకోవడానికి చేయి లేపేసరికి చున్నీ జారి కింద పడింది. అద్దంలో కూతురి భుజం పక్క నుంచి తన ఎడమ వైపు కనిపించింది. నైటీ ఒకవైపు నిండుగా, ఇంకోవైపు ఖాళీగా వేలాడుతోంది. వంగి చున్నీ తీసుకుందామనుకుంది. రెండు చేతులూ జుట్టులో ఉన్నాయి. తీసుకోలేదు.

"బాధగా ఉందా అమ్మా?" అంది గీతిక అద్దంలోకి చూస్తూ.

"ఉంది. చాలా ఉంది." కౌసల్య దువ్వడం ఆపలేదు. "పాపిడి మార్చిన రోజు కూడా అద్దంలో మనం కాదనిపిస్తుంది కదా. చూస్తూ ఉంటే అలవాటవుతుందేమో."

గీతిక తల కదల్చకుండా ఏడ్చింది. కౌసల్య ఆమెను ఏడవనిచ్చి, అందినంత మేర దువ్వింది. కూతురి నుదురు దాకా అందింది. నడినెత్తి అందలేదు.

శుక్రవారం రహమత్ నగర్ నుంచి బాలమణి వచ్చింది. కౌసల్య దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు ఆమె బదులు హీరోయిన్ మనోజ్ఞకు తల చూస్తున్న మనిషి. దువ్వెనలు, పిన్నులు, సవరాలు ఉన్న కౌసల్య పెట్టెను చంకన పెట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టింది.

"గీ పెట్టె నా కాడుంటే నాకు నిద్ర పడ్తలేదక్కా. మేడమ్ రోజు అడుగుతున్నది, కౌసల్యక్క ఎప్పుడొస్తదని. నేనేం చెప్పాలె?"

సోమవారం తరువాత చెబుతానంది కౌసల్య. ఆ సంగతంతా విని బాలమణి చెప్పులు విడిచి, జడ విప్పుకుని, మాట్లాడకుండా వచ్చి ముందు నిలబడింది. గంటసేపు కదల్లేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో రఘునందన్ ఎదురైతే నమస్తే పెట్టి, "అక్క మంచిగైతది, ఫికర్ చెయ్యకుండ్రి సార్. గుమ్మడికాయ మాత్రం జర ఆగి కొట్టుండ్రి," అని మెట్లు దిగిపోయింది. వంటింట్లో శేషారత్నం ఆ వారంలో మొదటిసారి నవ్వింది.

*

ఆదివారం సాయంత్రం రఘునందన్ ఇంటికి వచ్చేసరికి ఆయన చేతుల్లో ఇంకో గుమ్మడికాయ ఉంది.

గుమ్మం పక్కన దాన్ని దించి, అందరూ తన వైపే చూస్తుంటే మొహం తుడుచుకున్నాడు. రేపు స్కాన్ అవుతుంది కదా, అయితే అక్కడి నుంచి రాగానే కొడదామని తెచ్చాను, అంతే, అన్నాడు. 

కౌసల్యకు కోపం రావాల్సింది. ఆయన మొహం చూస్తే రాలేదు. యూనిట్‌లో నూట యాభై మందిని ఒంటిచేత్తో నడిపే మనిషి, గుమ్మడికాయ పక్కన తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"వదినా, ఎండలు బాగానే ఉన్నాయి కదా," అంది. "దీన్ని వడియాలు పెట్టేద్దాం."

"మినప్పప్పు ఇప్పుడే నానబోస్తాను," అంది శేషారత్నం. కాయను ఎత్తుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది.

రఘునందన్ చేతులు ఖాళీ అయ్యాయి. వాటిని ఏం చేయాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఇలా రండి," అంది కౌసల్య. ఆమె చేతిలో దువ్వెన ఉంది. "ఇంట్లో తలలన్నీ అయిపోయాయి. మీదొక్కటే మిగిలింది."

యూనిట్‌లో లైట్‌బాయ్‌లు ఆయన్ని వెనకాల క్రేన్ అని పిలుస్తారు. అంత పొడుగు. కౌసల్య ఆయన భుజం దాకా వస్తుంది. ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు గానీ, చూపు మాత్రం అలవాటు ప్రకారం కిటికీ వైపు పోయింది.

ఆమె ఎడమ చేయి లేపింది. ఆయన మెడ దాటింది. చెవి దగ్గర తాడు లాగింది. ఆపింది, నిలిపింది, ఊపిరి వదిలి పైకి పోనిచ్చింది. కణత దగ్గర మళ్ళీ ఆగింది.  అంతలో చటుక్కున చేయి తేలికైంది, వేళ్ళు నుదుటి మీది జుట్టుకు తగిలాయి.

"అందింది," అన్నాడు రఘునందన్.

"మోకాళ్ళు వంచకండి."

"వంచలేదే."

"ఇన్నేళ్ళు తలలతోనే బతికాను. ఏ తల ఎంత దిగిందో నాకు తెలియదా?"

ఆయన అలాగే వంగి ఉన్నాడు. ఇప్పుడు ఆయన మొహం ఆమె మొహానికి ఎదురుగా ఉంది, పక్కకు చూడటానికి దారి లేదు. చూపు నెమ్మదిగా ఆమె మొహం మీంచి, చున్నీ లేని ఆమె ఎడమ వైపుకు వచ్చింది. అక్కడే ఉండిపోయింది.

"భయమేసింది కౌసల్యా," అన్నాడు. "అయిపోయిందని అందరికీ చెప్పేస్తే అయిపోతుందనుకున్నాను."

"నాకూ వేసింది. ఇప్పటికీ వేస్తోంది. రేపు కూడా లేవకపోతే ఏమవుతుందోనని నిన్న నిద్రపోలేదు." ఆమె చేయి దించలేదు. "మీరు వంగితే నాకు అందినట్టే ఉంటుంది. రేపు అక్కడ బల్ల వంగదు."

రఘునందన్ కళ్ళు తుడుచుకోబోయాడు. వంటింటి గుమ్మంలో పప్పు గిన్నెతో నిలబడిన అక్కను చూశాడు.

"అక్కా, ఆ రోజు నిన్ను..."

"తరువాత చెబుదువుగాని," అంది శేషారత్నం. "కదలకు. తిన్నగా నిలబడు, ఆ పిల్లకు అందాలి."

ఆయన తిన్నగా నిలబడ్డాడు. మోకాళ్ళు నిటారు చేశాడు, వెన్ను నిలిపాడు, గడ్డం పైకెత్తాడు. నుదురు ఆమె వేళ్ళలోంచి జారి పైకి వెళ్ళిపోయింది. గీతిక లేచి వచ్చి తల్లి పక్కన నిలబడింది గానీ చేయి పట్టుకోలేదు.

కౌసల్య గాలి పీల్చుకుంది. తాడు లాగింది. ఆగింది, దించలేదు, మళ్ళీ పోనిచ్చింది. చెవి దాటింది, కణత దాటింది. వేలి కొసలు నుదుటి మీది మొదటి వెంట్రుకలకు తగిలాయి, ఈసారి ఎవరూ వంగకుండానే. నడినెత్తి ఇంకా జానెడు పైన ఉంది. తెల్లారితే సోమవారం.

"కదలకండి," అంది కౌసల్య.